చిప్‌లోనే లోపం ఉంటే ప్యాచ్ ఎంతవరకు కాపాడుతుంది?

మీరు అడిగింది ఇది: 2018లో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ బయటపడ్డాక ఏటా ఏదో ఒక హార్డ్‌వేర్ లోపం వార్తల్లోకి వస్తూనే ఉంది, అంత డబ్బు పెట్టి చిప్‌లు చేసేవాళ్లు దీనికి శాశ్వతంగా మందు వేయలేరా? ఆ ప్యాచ్‌లు ఆపేస్తే సర్వర్ వేగం పెరుగుతుందంటున్నారు, ఆపొచ్చా? సొంతంగా నాలుగైదు సర్వర్లు చూసుకునేవాళ్లు ఏమేం సరిచూసుకోవాలి? మూడింటికీ కలిపే చెప్తాను. మొదటిది అర్థమైతే మిగతా రెండింటికీ జవాబు చాలావరకు మీకే తడుతుంది.

"హార్డ్‌వేర్ బగ్" అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు జబ్బుల్ని కలిపేస్తున్నాం. డిజైన్‌లో లాజిక్ తప్పు పడటం ఒకటి. లాజిక్ అంతా సరిగ్గానే ఉండి, పని జరిగిన వేగాన్ని బట్టి రహస్యం బయటికి పొక్కడం ఇంకొకటి. ఇరుగుపొరుగు మెమరీ గడుల మధ్య ఛార్జ్ కారడం మూడోది. ట్రాన్సిస్టర్లు అరిగిపోవడం, లేదా పుట్టుకతోనే బలహీనంగా ఉండటం నాలుగోది. కొత్త లోపం పేరు వినగానే "ఎంత ప్రమాదం?" అని అందరూ అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సింది "దీన్ని ఎక్కడ సరిచేయగలం?" అని. కోడ్‌లోనా, మైక్రోకోడ్‌లోనా (సూచనల్ని ఎలా నడపాలో చిప్ లోపలే చెప్పే చిన్న ప్రోగ్రామ్), బయోస్‌లోనా, లేక చిప్ పీకి వేరేది పెట్టడమేనా? వార్త ఎంత గోల చేసినా మీరు చేయాల్సిన పనిని తేల్చేది ఈ ప్రశ్నే.

అచ్చమైన లాజిక్ తప్పుకి అందరికీ తెలిసిన ఉదాహరణ 1994 నాటి పెంటియం భాగహారం లోపం. భాగహారం వేగంగా చేయడానికి ఆ చిప్‌లో ఒక పట్టిక పెట్టారు. అందులో విలువలు ఉండాల్సిన గడులు 1066. వాటిలో ఐదు గడులు ఖాళీగా ఉండిపోయాయని ఇంటెల్ చెప్పింది. 4195835ని 3145727తో భాగిస్తే 1.33382 రావాలి, ఆ చిప్ 1.33373 అనేది. నాలుగో దశాంశం దగ్గరే తప్పన్నమాట. ఆ తరం పెంటియంలో లోపలి మైక్రోకోడ్ మార్చే వీలు లేదు కాబట్టి ఇంటెల్ చిప్‌లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, అందుకు 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. 1995లో వచ్చిన పెంటియం ప్రో నుంచి మైక్రోకోడ్ అప్‌డేట్ అన్న సదుపాయం ఉంది.

ఈ మైక్రోకోడ్ గురించి అపోహలు చాలా ఉన్నాయి. చిప్ లోపల మార్చలేని రోమ్ (చదవడానికే వీలున్న మెమరీ) ఒకటి, దాని పక్కనే చిన్న ప్యాచ్ మెమరీ ఒకటి ఉంటాయి. అప్‌డేట్ వచ్చి ఆ చిన్న మెమరీలో కూర్చుని "ఫలానా చోటికి వస్తే ఇటు మళ్లు" అని దారి మళ్లిస్తుంది, లేదంటే డిజైనర్లు ముందే దాచిపెట్టిన కొన్ని స్విచ్‌లను మారుస్తుంది. కూడికలాంటి మామూలు సూచనలు మైక్రోకోడ్‌ని తాకకుండా నేరుగా వైరింగ్‌లోంచే వెళ్లిపోతాయి, వాటి దగ్గర ఇది పెద్దగా ఏమీ చేయలేదు. పైగా కరెంటు పోతే అదీ పోతుంది. ప్రతిసారీ బూట్ అయ్యేటప్పుడు బయోస్ గానీ, ఆపరేటింగ్ సిస్టమ్ గానీ మళ్లీ ఎక్కించాల్సిందే. "ఒకసారి అప్‌డేట్ చేశాం కదా" అని పాత బయోస్‌కి వెనక్కి వెళ్లినవాళ్లు, వేరే డిస్క్ నుంచి బూట్ చేసినవాళ్లు తెలియకుండానే పాత మైక్రోకోడ్‌తో నడుస్తుంటారు.

ప్యాచ్‌కి తావే లేని చోట్లు కూడా ఉన్నాయి. 2019లో బయటపడ్డ చెక్‌ఎమ్8 ఆపిల్ ఎ5 నుంచి ఎ11 వరకు చిప్‌ల బూట్ రోమ్‌లో ఉంది. ఆ కోడ్ ఫ్యాక్టరీలో మాస్క్‌తోనే ముద్రపడిపోతుంది, ఎవరూ చెరపలేరు. 2024లో వచ్చిన ఘోస్ట్‌రైట్ ఇంకా చిత్రం. టీ-హెడ్ సీ910 అనే రిస్క్-ఫైవ్ కోర్‌లో ఒక వెక్టర్ స్టోర్ సూచన వర్చువల్ అడ్రస్‌ల కట్టడిని దాటి నేరుగా ఫిజికల్ మెమరీలోకి రాసేస్తుంది. మైక్రోకోడ్ లేని చిప్ కాబట్టి వెక్టర్ యూనిట్ మొత్తాన్ని ఆపేయడం ఒక్కటే మందు. సరళమైన చిప్ అయితే సురక్షితం అనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. సరళమైన చిప్‌లో తప్పులు తక్కువే ఉండొచ్చు, కానీ తప్పు పడితే దిద్దుకునే మార్గాలూ అంతే తక్కువ. అలాగని ప్యాచ్ మార్గం ఉండటమే పెద్ద రక్ష అనుకోవడానికీ లేదు. ఏఎమ్‌డీ జెన్ 1 నుంచి జెన్ 4 వరకు మైక్రోకోడ్ సంతకం తనిఖీలో, ఒక ప్రమాణ పత్రంలో ఉదాహరణ కోసం అచ్చువేసిన తాళంచెవినే వాడారని 2025లో గూగుల్ పరిశోధకులు చూపించారు. వాళ్లు చేసి చూపిన మైక్రోకోడ్‌తో యాదృచ్ఛిక సంఖ్యలు ఇచ్చే సూచన ఎప్పుడు అడిగినా 4 అనే చెప్తుంది.

ఇక రెండో జబ్బుకి, అంటే స్పెక్టర్ రకానికి వద్దాం. దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఎన్ని ప్యాచ్‌లు వేసినా పోకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

మెమరీ నుంచి ఒక విలువ రావాలంటే రెండు మూడు వందల సైకిళ్లు పడుతుంది. ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీలో, అంటే మొదటి స్థాయి క్యాష్‌లో ఉంటే నాలుగైదు సైకిళ్లు చాలు. అంతసేపు ఊరికే కూర్చోకుండా ప్రాసెసర్ "ఈ షరతు నిజమే అవుతుందిలే" అని అంచనా వేసి ముందుకు పోతుంది. అంచనా తప్పితే చేసిన పనిని రద్దు చేస్తుంది. రద్దు అంటే రిజిస్టర్లు, మెమరీ మాత్రమే వెనక్కి వస్తాయి. ఈలోగా క్యాష్‌లోకి వచ్చి కూర్చున్నది అక్కడే ఉండిపోతుంది.

ఒక ఫంక్షన్ ఉందనుకోండి. ఎక్స్ అనే ఇండెక్స్ అర్రే పొడవు కంటే తక్కువైతేనే అర్రేలోంచి ఒక బైట్ చదువుతుంది, ఆ బైట్‌ని 4096తో గుణించి రెండో పట్టికలో అక్కడ ఉన్నదాన్ని చదువుతుంది. దాడి చేసేవాడు ముందు సరైన ఎక్స్ విలువలు పదే పదే ఇచ్చి, అంచనాలు వేసే భాగమైన ప్రిడిక్టర్‌కి "ఈ షరతు ఎప్పుడూ నిజమే" అని అలవాటు చేస్తాడు. తర్వాత ఆ పొడవు అనే విలువని క్యాష్‌లోంచి తోసేస్తాడు. ఇది మర్చిపోతే దాడి పారదు, ఎందుకంటే పొడవు చేతిలోనే ఉంటే షరతు వెంటనే తేలిపోయి ఊహకి సమయం మిగలదు. ఇప్పుడు హద్దు దాటిన ఎక్స్ ఇస్తే, పొడవు మెమరీ నుంచి వచ్చేలోపు ప్రాసెసర్ రహస్య బైట్‌ని చదివేసి, రెండో పట్టికలో దానికి సరిపోయే గడిని క్యాష్‌లోకి తెచ్చేస్తుంది. తర్వాత షరతు అబద్ధమని తేలి అంతా రద్దవుతుంది. దాడి చేసేవాడు 256 గడుల్నీ ఒక్కొక్కటిగా చదివి టైము కొలుస్తాడు. ఒక్కటి మాత్రం చటుక్కున వస్తుంది. దాని సంఖ్యే ఆ రహస్య బైట్. 4096 ఎందుకంటే, క్యాష్ లైన్ 64 బైట్లే కాబట్టి 64 ఎడం కూడా లెక్క ప్రకారం చాలు గానీ, అంత దగ్గరగా పెడితే డేటాని ముందుగానే తెచ్చిపెట్టే ప్రీఫెచర్ పక్క గడుల్ని కూడా లాక్కొచ్చి కొలతని పాడుచేస్తుంది. 4096 అంటే ఒక పేజీ. పేజీ హద్దు దాటి ప్రీఫెచర్ సాధారణంగా పోదు. 256 పేజీలు కలిపి ఒక మెగాబైటు, అంతే ఖర్చు.

ఈ మొత్తం వ్యవహారంలో ప్రాసెసర్ తన మాన్యువల్‌లోని ఒక్క వాక్యాన్ని కూడా తప్పలేదు. మాన్యువల్ ఫలితం గురించి మాట ఇచ్చింది, సమయం గురించి ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు మాత్రం ఆ మాట కూడా ఉందని దశాబ్దాలుగా నమ్ముతూ వచ్చారు. అందుకే దీన్ని బగ్ అనాలా, డిజైన్ అనాలా అన్న తగువు తెగదు. ఊహించడం పూర్తిగా మానేస్తే ప్రాసెసర్ వేగం పాతికేళ్లు వెనక్కి పోతుంది, అది ఎవరూ కొనరు.

మెల్ట్‌డౌన్ వేరు. అక్కడ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) పేజీకి అనుమతి ఉందా లేదా అన్న తనిఖీ ఆలస్యంగా జరగడమే లోపం. తర్వాతి చిప్‌లలో తనిఖీని ముందుకు తెచ్చారు, రోగం కుదిరింది. పాత వాటిలో కెర్నెల్ పేజీలను యూజర్ పట్టికలోంచి తీసేయడం మందు. కెర్నెల్‌లోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ పేజీ టేబుల్ మార్చాలి కాబట్టి దీనికి సిస్టమ్ కాల్‌కి ఇంత అని సుంకం పడుతుంది. పైన చెప్పిన స్పెక్టర్ మొదటి రకానికి అలాంటి ఒక్క మందు లేదు. లినక్స్ కెర్నెల్‌లో ప్రమాదమున్న చోటల్లా బ్రాంచ్ లేకుండా లెక్కగట్టిన మాస్క్‌ని ఇండెక్స్‌కి తగిలిస్తారు. హద్దులో ఉంటే మాస్క్ అన్నీ ఒకట్లు, దాటితే అన్నీ సున్నాలు. అప్పుడు తప్పు ఊహలో కూడా చదివేది సున్నా గడినే. ఇలాంటి చోట్లు ఒక్కొక్కటీ వెతికి పట్టుకోవాలి, ఒకటి తప్పిపోతే అదే కన్నం. ప్రోగ్రామ్ ఎక్కడికి దూకుతుందన్న అంచనాని తప్పుదారి పట్టించే రెండో రకానికి రెట్‌పొలీన్ అనే చిట్కా వాడారు. రిటర్న్ సూచనని నమ్మొచ్చన్నది దాని పునాది. 2022లో రెట్‌బ్లీడ్ కొన్ని తరాల మీద ఆ పునాదినే కదిపింది. దానికి వేసిన ప్యాచ్‌ల వల్ల ఏఎమ్‌డీ మీద 14 శాతం, ఇంటెల్ మీద 39 శాతం వరకు వేగం పోయిందని ఆ పరిశోధకులే కొలిచారు. ఏటా కొత్త పేరు రావడానికి కారణం ఇదే. ప్రిడిక్టర్లు, బఫర్లు చిప్‌లో చాలా ఉన్నాయి. ఒక్కో బఫర్‌లో ఏం మిగిలిపోతుందో ఒక్కొక్కరూ తవ్వి తీస్తున్నారు.

సరే, ఆపొచ్చా? మీ మెషీన్‌లో ఎవరి కోడ్ నడుస్తుంది అన్నదే కొలబద్ద. బ్రౌజర్ ఉన్న మెషీన్‌లో ప్రతి వెబ్ పేజీ పరాయి కోడే. వేర్వేరు మనుషుల వర్చువల్ మెషీన్లు నడిపే హోస్ట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ రెండు చోట్లా ఆపకండి, చర్చ అనవసరం. మీరు రాసిన లెక్కల ప్రోగ్రామ్ తప్ప ఇంకేదీ నడవని, బయటి లాగిన్లు లేని మెషీన్ అయితే ఆలోచించొచ్చు. కానీ సాధారణంగా అలాంటి పనికి ఆపితే కలిసొచ్చేదీ తక్కువే. సుంకమంతా సిస్టమ్ కాల్స్ మీదే పడుతుంది. డేటాబేస్, చిన్న చిన్న ఫైళ్లు, నెట్‌వర్క్ ప్యాకెట్ల పని ఉన్నచోట తేడా కనిపిస్తుంది, అంకెలు నమిలే లూప్‌లో కనిపించదు. ఒక్క మినహాయింపు 2023లో వచ్చిన డౌన్‌ఫాల్. అది వెక్టర్ గ్యాదర్ సూచనల్ని దెబ్బతీస్తుంది కాబట్టి దాని ప్యాచ్ అంకెల పని మీదే పడుతుంది. కొన్ని పనులకి 50 శాతం వరకు ఉండొచ్చని ఇంటెలే చెప్పింది. అందుకే ఆపేముందు కొలవండి. అదే కెర్నెల్, అదే పని, ఒకసారి మామూలుగా, ఒకసారి ఆపి, ఒక్కోటి కనీసం ఐదుసార్లు. తేడా ఐదు శాతం లోపు ఉంటే దాని కోసం రిస్క్ తీసుకోవడం నా దృష్టిలో దండగ. కొత్త తరం చిప్‌లలో చాలావరకు అంతకంటే ఎక్కువ రాదు.

హైపర్ థ్రెడింగ్ గురించి విడిగా చెప్పాలి. ఒకే కోర్‌లోని రెండు థ్రెడ్‌లు మొదటి స్థాయి క్యాష్‌నీ, లోపలి బఫర్లనీ పంచుకుంటాయి. 2018 నాటి ఎల్1టీఎఫ్, 2019 నాటి ఎమ్‌డీఎస్ అనే లోపాలు ఈ పొత్తునే వాడుకున్నాయి. ఆ తరం చిప్‌ల మీద పరాయి వర్చువల్ మెషీన్లు నడుపుతుంటే హైపర్ థ్రెడింగ్ ఆపాలి, లేదా లినక్స్ 5.14 నుంచి ఉన్న కోర్ షెడ్యూలింగ్ వాడి, ఒకర్నొకరు నమ్మని పనులు ఒకే కోర్‌ని పంచుకోకుండా చూడాలి. రెండోదానికి వేగం తక్కువ పోతుంది, కానీ అమర్చడంలో పొరపాటు జరిగితే తెలియదు.

ఏ స్థితిలో ఉన్నారో చూసుకోవడం తేలిక. లినక్స్‌లో సిస్ డైరెక్టరీ కింద డివైసెస్, సిస్టమ్, సీపీయూ, వల్నరబిలిటీస్ అన్న వరుసలో వెళ్తే ఒక్కో లోపానికి ఒక్కో ఫైల్ ఉంటుంది. "నాట్ అఫెక్టెడ్" అంటే నిశ్చింత. "మిటిగేషన్" తో మొదలైతే వాక్యం చివరిదాకా చదవండి. చాలామంది మొదటి మాట చూసి వదిలేస్తారు, అసలు సంగతి చివర్లో, హైపర్ థ్రెడింగ్‌నే ఎస్ఎమ్‌టీ అని పిలుస్తూ, "ఎస్ఎమ్‌టీ వల్నరబుల్" అని ఉంటుంది. "నో మైక్రోకోడ్" అని కనిపిస్తే కెర్నెల్ సిద్ధంగా ఉంది, చిప్‌కి అప్‌డేట్ అందలేదు అని అర్థం. వర్చువల్ మెషీన్ లోపల "అన్‌నోన్" అని వస్తే దానికి బయట ఏముందో తెలియదన్నమాట, హోస్ట్‌లో చూడాలి. హోస్ట్‌కి మైక్రోకోడ్ వేశాక లోపలి మెషీన్‌ని రీబూట్ చేస్తే సరిపోదు. పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెడితేనే కొత్త సీపీయూ ఫ్లాగులు దానికి కనిపిస్తాయి. ఇక్కడ పొరపాటు పడేవాళ్లు చాలామంది.

మైక్రోకోడ్ ఎక్కిందో లేదో సీపీయూ ఇన్‌ఫో ఫైల్‌లో "మైక్రోకోడ్" వరుసలోని సంఖ్య చెప్తుంది. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినా సంఖ్య మారలేదంటే సాధారణంగా రెండే కారణాలు. ఒకటి, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఇమేజ్‌ని మళ్లీ తయారుచేయలేదు. రెండు, బూట్‌లోడర్ ఎంట్రీలో మైక్రోకోడ్ ఇమేజ్ అసలు ఇమేజ్ తర్వాత వచ్చింది. అది ముందు ఉండాలి, పైగా కంప్రెస్ చేయకుండా ఉండాలి, ఎందుకంటే కెర్నెల్ దాన్ని ఇంకా ఏమీ విప్పలేని తొలి దశలో చదువుతుంది. నడుస్తున్న సిస్టమ్ మీద ఎక్కించే పద్ధతి జోలికి పోకండి. ఒక కోర్ పాత తీరులో, ఇంకో కోర్ కొత్త తీరులో ఉన్న ఆ క్షణంలో ఏం జరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

మూడో జబ్బు రోహ్యామర్. ఇది లాజిక్ కాదు, ఊహ కాదు, అచ్చంగా భౌతికశాస్త్రం. కంప్యూటర్ ప్రధాన మెమరీ అయిన డీర్యామ్‌లో ఒక బిట్ అంటే ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్. ఛార్జ్ కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకి ఒకసారి ప్రతి వరుసనీ మళ్లీ నింపుతారు. ఒక వరుసని తెరిచి మూసిన ప్రతిసారీ పక్క వరుసలోంచి ఇంకాస్త ఛార్జ్ కారుతుంది. ఒకసారి తెరిచి మూయడానికి దాదాపు 50 నానోసెకన్లు పడుతుంది, అంటే ఆ 64 మిల్లీసెకన్లలో దాదాపు 13 లక్షల సార్లు తెరవొచ్చు. 2014లో కార్నెగీ మెలన్, ఇంటెల్ పరిశోధకులు 129 మాడ్యూళ్లు పరీక్షిస్తే 110లో బిట్లు తిరగబడ్డాయి, అందుకు కొన్నింటిలో 1,39,000 సార్లు తెరిస్తే చాలింది. 2020 నాటి కొలతల్లో ఎల్‌పీడీడీఆర్4 చిప్‌లలో రెండు పక్కలా కొడితే 4,800కే పడిపోయింది. గడులు చిన్నవై, దగ్గరై కొద్దీ ఈ సంఖ్య దిగుతూనే ఉంది. కొత్త మెమరీ కొంటే సమస్య తగ్గుతుందనుకోవడం తలకిందులు లెక్క.

రిఫ్రెష్‌ని రెట్టింపు చేస్తే దాడికి దొరికే సమయం సగమవుతుంది. 13 లక్షలు ఆరున్నర లక్షలైతే, 4,800 ముందు అది ఏ మూలకి? మెమరీ తయారీదారులు టీఆర్ఆర్ అని చిప్‌లోనే కాపలా పెట్టారు. ఎక్కువగా తెరుస్తున్న వరుసల్ని గుర్తుపెట్టుకుని వాటి పొరుగుని ముందే నింపుతుంది. కానీ గుర్తుపెట్టుకోగలిగేది కొన్ని వరుసల్నే. 2020 నాటి టీఆర్ఆరెస్పాస్ ఒకేసారి చాలా వరుసల్ని కొట్టి దాన్ని తికమకపెట్టింది. 2021 నాటి హాఫ్-డబుల్ అయితే రెండు వరుసల అవతల ఉన్న దాని మీద కూడా ప్రభావం చూపించింది.

మీ చేతిలో ఉన్న ఆయుధం ఈసీసీ, అంటే తప్పుల్ని పట్టి దిద్దే మెమరీ. 64 బిట్ల డేటాకి 8 బిట్లు అదనం. ఒక బిట్ తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే పట్టుకుని ఆపుతుంది, మూడు తప్పితే ఒక్కోసారి మోసపోతుంది. కాబట్టి ఇది దాడిని పూర్తిగా ఆపదు. కానీ తప్పు జరిగిందని లాగ్‌లో చెప్తుంది, నా లెక్కలో ఈసీసీకి అసలు విలువ అదే. డీడీఆర్5 వచ్చాక "ఇందులో ఈసీసీ అంతర్గతంగానే ఉంది" అని ప్రచారం మొదలైంది. అది చిప్ లోపలి గడుల తప్పుల్ని దిద్దుకోవడానికి తయారీదారు పెట్టుకున్నది. ప్రాసెసర్‌కీ మాడ్యూల్‌కీ మధ్య దారిలో జరిగే తప్పుని అది చూడదు. దిద్దిన ప్రతి తప్పునీ ప్రాసెసర్‌కి చెప్పదు కూడా. సర్వర్‌కి కావాల్సింది అది కాదు.

ఈసీసీ మాడ్యూల్ పెట్టినంత మాత్రాన ఈసీసీ పనిచేస్తున్నట్టు కాదు. కొన్ని బోర్డులు ఆ మాడ్యూల్‌ని తీసుకుంటాయి గానీ అదనపు బిట్లని పట్టించుకోవు. డీఎమ్ఐడీకోడ్ అనే ఆదేశంలో మొత్తం వెడల్పు 72, డేటా వెడల్పు 64 అని వస్తే మాడ్యూల్ సరైనదే అని మాత్రం తెలుస్తుంది, ఇది డీడీఆర్4 సంగతి. ఈడ్యాక్ డ్రైవర్ లోడ్ అయి, సీఈ (దిద్దిన తప్పు) కౌంట్, యూఈ (దిద్దలేని తప్పు) కౌంట్ ఫైళ్లు కనిపిస్తే కంట్రోలర్ కూడా పనిలో ఉందని అర్థం. ఆ సంఖ్యల్ని ర్యాస్‌డీమన్‌తో లాగ్ చేయండి. నెలల తరబడికి ఒక సీఈ వస్తే పట్టించుకోనక్కర్లేదు. అదే అడ్రస్‌లో పదే పదే వస్తుంటే మాడ్యూల్‌ని తీసి మళ్లీ బిగించండి, తగ్గకపోతే వేరే స్లాట్‌కి మార్చండి. తప్పు మాడ్యూల్ వెంట వస్తే మాడ్యూల్ మార్చాలి. స్లాట్ దగ్గరే ఉండిపోతే సాకెట్ పిన్నుల్ని, బోర్డుని అనుమానించాలి. యూఈ ఒక్కటి వచ్చినా ఆ మెషీన్‌ని పనిలోంచి తీసి పరీక్షించండి.

నాలుగోదాన్ని, అంటే ట్రాన్సిస్టర్ల అరుగుదలని, పుట్టు బలహీనతని జనం తక్కువ పట్టించుకుంటారు, నాకు మాత్రం అన్నిటికంటే భయం పుట్టించేది అదే. 2021లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు ఒక ఉదాహరణ ప్రచురించారు. 1.1 ని 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకంగా మారిస్తే 156 రావాలి. ఒక ప్రాసెసర్‌లో 59వ కోర్ మీద మాత్రం సున్నా వచ్చేది. క్రాష్ లేదు, లాగ్‌లో ఒక్క వరుస లేదు. ఫైల్ సైజు సున్నా అని లెక్కతేలిన ఫైళ్లని విప్పకుండానే వదిలేసేవారు, అలా డేటాబేస్‌లో వరుసలు మాయమయ్యేవి. అదే ఏడాది గూగుల్ కూడా తమ దగ్గర ఇలాంటి కోర్లు కొన్ని వేల మెషీన్లకి కొన్ని చొప్పున కనిపిస్తున్నాయని రాసింది. ఈసీసీ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే మెమరీలోకి వెళ్లే ముందే లెక్క తప్పింది.

ఫ్యాక్టరీలోనే ఎందుకు పట్టుకోలేరు అంటారేమో. రెండు 64 బిట్ల సంఖ్యల్ని కూడే యూనిట్‌కే ఇన్‌పుట్ జతలు 2కి 128వ ఘాతం. అన్నీ పరీక్షించడం ఎవరి తరమూ కాదు. టెస్టర్ మీద ప్రతి సెకనుకీ డబ్బు కాబట్టి పరీక్ష కోసమే చిప్‌లో పెట్టిన స్కాన్ చెయిన్లతో తీగ తెగిందా, గేట్ నెమ్మదిగా ఉందా అన్నంతవరకు చూస్తారు. ఫలానా ఉష్ణోగ్రతలో, ఫలానా వోల్టేజీలో, ఫలానా డేటాకి మాత్రమే గడువు తప్పే దారి ఆ వల్లో పడకపోవచ్చు. డై, అంటే వేఫర్ నుంచి కోసిన చిప్ ముక్క, పెద్దదైతే బాధలూ ఎక్కువే. చదరపు సెంటీమీటరుకి 0.1 లోపం అనుకుంటే 100 చదరపు మిల్లీమీటర్ల డై 90 శాతం మంచిది వస్తుంది, 600 చదరపు మిల్లీమీటర్లదైతే 55 శాతమే. అందుకే పెద్ద చిప్‌ని చిన్న ముక్కలుగా చేసి అతికిస్తున్నారు, పాడైన కోర్లని ఆపేసి తక్కువ కోర్ల మోడల్‌గా అమ్ముతున్నారు. అందులో మోసమేమీ లేదు.

తప్పు తెలిశాక కూడా కొత్త చిప్ వెంటనే రాదు. వేఫర్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి చేతికి రావడానికే నెలలు పడుతుంది. డిజైనర్లు ముందుచూపుతో చిప్ అంతటా వాడని గేట్లని చల్లి ఉంచుతారు. చిన్న తప్పయితే పైనున్న లోహపు పొరల మాస్క్‌లు మాత్రమే మార్చి ఆ గేట్లని కలుపుతారు. ఎ0 స్టెప్పింగ్ (చిప్ సవరణ సంఖ్య) ఎ1 అయిందంటే సాధారణంగా ఇదే. ట్రాన్సిస్టర్ పొర కూడా మారితే బీ0 అవుతుంది, మాస్క్‌ల సెట్ మొత్తం కొత్తది, ఖర్చూ సమయమూ ఎన్నో రెట్లు. అందుకే తయారీదారులు తెలిసిన లోపాల జాబితాగా ప్రచురించే ఎర్రాటా పత్రాల్లో చాలా వరుసల ఎదురుగా "నో ఫిక్స్" అనే ఉంటుంది. మీ ప్రాసెసర్ ఎర్రాటా పత్రాన్ని ఒకసారి తిరగేయండి. అప్పటిదాకా సాఫ్ట్‌వేర్ మీద వేసిన కొన్ని నిందల్ని వెనక్కి తీసుకోబుద్ధవుతుంది.

అరుగుదలకి తాజా పాఠం ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు. ఎక్కువ వోల్టేజీ, వేడి కలిసి కోర్‌లోని క్లాక్ సర్క్యూట్‌ని అరగదీశాయి, దాంతో కోర్ స్థిరంగా నడవడానికి కావాల్సిన కనీస వోల్టేజీ పైకి జరిగింది. 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ 1.55 వోల్టులకి మించి అడగకుండా కట్టడి చేసింది, సెప్టెంబరులో 0ఎక్స్12బీ వచ్చింది. అవి ఇంకా చెడని చిప్‌ని కాపాడతాయి. అప్పటికే అరిగినదానికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, వారంటీలో మార్చుకోవాల్సిందే. వారంటీని రెండేళ్లు పొడిగించారు కూడా. లక్షణాలు తికమకపెట్టేలా ఉంటాయి. గేమ్ మొదలయ్యేటప్పుడు "వీడియో మెమరీ చాలదు" అని వస్తే అందరూ గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకుంటారు. నిజానికి షేడర్లని విప్పేటప్పుడు ప్రాసెసర్ లెక్క తప్పుతోంది. బోర్డు సెట్టింగుల్లో పవర్ లిమిట్ 4096 వాట్లు అని ఉంటే దానర్థం పరిమితి లేదని. ఐ9-13900కే లాంటి దానికి ఇంటెల్ చెప్పిన 253 వాట్లే పెట్టండి.

చెడ్డ కోర్ ఉందేమో అని అనుమానం వస్తే ఇలా పట్టుకోండి. కొన్ని గిగాబైట్ల ఫైల్ ఒకటి తీసుకుని దాని ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) రాసిపెట్టుకోండి. టాస్క్‌సెట్‌తో పనిని ఒక్కో కోర్‌కి కట్టేసి, ఆ కోర్ మీద ఫైల్‌ని కంప్రెస్ చేసి, విప్పి, హ్యాష్ పోల్చండి. కోర్‌కి కనీసం అరగంట. మొదట మెషీన్ చల్లగా ఉన్నప్పుడు, తర్వాత మిగతా కోర్లన్నీ పనిలో ఉండి వేడెక్కినప్పుడు చేయండి, రెండింట్లో ఒకదాంట్లోనే తప్పు బయటపడొచ్చు. అన్ని కోర్ల మీదా కలిపి ఒకేసారి స్ట్రెస్ టెస్ట్ నడిపితే ఫ్రీక్వెన్సీ దిగిపోతుంది, ఒంటి కోర్ అత్యధిక వేగంలో చేసే తప్పు దాక్కుంటుంది. తప్పు ఒకే కోర్ మీద పదే పదే వస్తే ముందు ఓవర్‌క్లాక్, మెమరీ వేగం పెంచే ఎక్స్ఎమ్‌పీ సెట్టింగ్ తీసేసి మళ్లీ చూడండి. అప్పటికీ వస్తే ఆ చిప్‌ని నమ్మకండి. వారంటీ వచ్చేదాకా బూట్ పారామీటర్‌తో ఆ కోర్‌ని పక్కనపెట్టి నడిపించుకోవచ్చు, కానీ బ్యాకప్‌లు మాత్రం వేరే మెషీన్ మీద సరిచూసుకోండి. తప్పు లెక్కలు చేసే మెషీన్‌ని తన బ్యాకప్ సరిగ్గా ఉందా అని దాన్నే అడిగితే లాభం లేదు.

పాత సర్వర్లు కొనేవాళ్లకి ఇంకొక్క మాట. కోర్లు, మెమరీ చూసే ముందు ఆ తరానికి మైక్రోకోడ్ ఇంకా వస్తోందో లేదో చూడండి. 2018 ఏప్రిల్‌లో ఇంటెల్ పెన్రిన్, వుల్ఫ్‌డేల్, బ్లూమ్‌ఫీల్డ్ లాంటి తరాల ఎదురుగా "స్టాప్డ్" అని రాసేసింది, స్పెక్టర్ రెండో రకానికి వాటికి మైక్రోకోడ్ రాలేదు. చిప్ తయారీదారు అప్‌డేట్ ఇచ్చినా బోర్డు తయారీదారు బయోస్ ఇవ్వడం ముందే మానేసి ఉండొచ్చు. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా మైక్రోకోడ్ ఎక్కుతుంది గానీ, బయోస్ లోపాలు అలాగే ఉండిపోతాయి. ఒంటరిగా లెక్కలు చేసే మెషీన్‌కి అది చాలు. వేరేవాళ్లకి వర్చువల్ మెషీన్లు ఇచ్చే పనికి అలాంటిది ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.